ఫోన్‌లో వైఫై పదేపదే పోతోందంటే అసలు తెగుతున్నది ఏది?

ఒకే ఇంట్లో నాలుగు ఫోన్లు ఒకే రౌటర్‌కు కలిసి ఉంటాయి. మూడింటితో ఏ ఇబ్బందీ ఉండదు. నాలుగోదానిలో మాత్రం వీడియో కాల్ మధ్యలో వైఫై గుర్తు మాయమై, మొబైల్ డేటా గుర్తు వచ్చి, కాసేపటికి మళ్ళీ వైఫై తిరిగొస్తుంది. ఇలాంటి ఫోన్ చేతిలో ఉన్నవారికి సలహాలకు కొదవ ఉండదు. రౌటర్ ఆపి మళ్ళీ వేయమని ఒకరు, పాస్‌వర్డ్ తీసేసి మళ్ళీ కొట్టమని ఇంకొకరు, ఫోన్ మొత్తం రీసెట్ చేయమని మరొకరు చెబుతారు. ఫోన్ పాతబడింది, కొత్తది తీసుకోమని దుకాణంవారు అంటారు. ఈ సలహాలన్నీ ఏదో ఒక సందర్భంలో ఫలించినవే కనుక ఎవరినీ తప్పుపట్టలేము. చిక్కు వేరేచోట ఉంది. "వైఫై పోతోంది" అన్న ఒక్క మాట కింద కనీసం అరడజను వేర్వేరు లోపాలు ఉన్నాయి. ఒకదానికి పనిచేసిన మందు రెండోదానికి పనిచేయదు, కొన్నిసార్లు లోపం ఆనవాలునే చెరిపేస్తుంది. ఏ చోట తెగుతోందో తేల్చుకోవడమే ఇందులో అసలు పని. అది తేలితే సరిచేయడం చాలావరకు తేలిక.

ఒక గుర్తు వెనుక మూడు అంచెలు

ఫోన్ తెర పైభాగంలో విసనకర్ర ఆకారంలో కనిపించే చిన్న గుర్తును చాలామంది ఇంటర్నెట్ గుర్తు అనుకుంటారు. అది ప్రధానంగా చెప్పేది ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య రేడియో సంబంధం ఉందని, ఆ సిగ్నల్ ఎంత బలంగా ఉందని. మన సందేశం ఫోన్ నుంచి బయలుదేరి ఏదో ఒక సర్వర్‌కు చేరాలంటే మూడు అంచెలు దాటాలి. మొదటి అంచె గాలిలో ఉంటుంది: ఫోన్ యాంటెన్నా నుంచి రౌటర్ యాంటెన్నా దాకా. రెండో అంచె ఇంటి నెట్‌వర్క్ లోపల ఉంటుంది: ఫోన్‌కు ఒక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెల చిరునామా, దొరకాలి, వెబ్‌సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సేవ అందాలి. మూడో అంచె రౌటర్ నుంచి బయటికి, ఫైబర్ తీగ మీదుగా ఇంటర్నెట్ కంపెనీ పరికరాల దాకా, అక్కడి నుంచి ప్రపంచంలోకి సాగుతుంది.

ఫోన్ ఈ మూడింటినీ తనకు తానే పరీక్షించుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైలో చేరగానే గూగుల్ సర్వర్‌లోని ఒక ఖాళీ పేజీని అడుగుతుంది. "విన్నపం అందింది, చూపడానికి ఏమీ లేదు" అని అర్థమిచ్చే 204 అనే సంకేతం తిరిగి రావాలి. ఐఫోన్ కూడా ఆపిల్ సర్వర్‌లోని ఒక పేజీతో ఇలాగే సరిచూసుకుంటుంది. ఆ జవాబు రాకపోతే వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది, లేదా "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అన్న సందేశం వస్తుంది. దీన్ని చూసి వైఫై పాడైందనుకోవడం సహజమే కానీ, ఈ సందేశానికి అర్థం దాదాపు అందుకు వ్యతిరేకం: రేడియో అంచె బాగానే ఉంది, తెగింది ఆ తర్వాతి చోట.

ఎవరికి తెగుతోంది, ఎక్కడ తెగుతోంది

లోపం స్థానాన్ని పట్టుకోవడానికి పరికరాలేవీ అక్కర్లేదు. రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం చిక్కు విడిపోతుంది. తెగిన క్షణంలో ఇంట్లోని మిగతా ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ కూడా ఆగాయా? ఈ ఫోన్ ఈ ఇంట్లోనే తెగుతోందా, వేరేచోటి వైఫైలో కూడా తెగుతోందా?

రెండో ప్రశ్నకు జవాబు కోసం వేరే ఇంటికి వెళ్ళాల్సిన పని లేదు. ఇంట్లోని మరో ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, తెగుతున్న ఫోన్‌ను దానికి కలిపి, రెండింటినీ ఒకే బల్ల మీద అరగంట ఉంచితే చాలు. అక్కడ కూడా తెగితే అనుమానం ఫోన్ మీదికి వెళ్తుంది. అక్కడ నిలకడగా ఉంటే లోపం రౌటర్‌లోనో, ఇంటి గోడల్లోనో, ఈ ఫోన్‌కూ ఆ రౌటర్‌కూ మధ్య పొసగని ఏదో ఒక సెట్టింగ్‌లోనో ఉందని తేలుతుంది. ఒక మాటలో చెప్పలేని ఫిర్యాదును ఈ చిన్న పరీక్ష సగానికి సగం తగ్గిస్తుంది. అయినా దీన్ని చేసేవారు చాలా తక్కువ.

ఇంకాస్త లోతుగా చూడాలంటే తెగిన ఆ నిమిషంలోనే చూడాలి. అప్పుడు మొబైల్ డేటా ఆపి ఉండాలి. లేకపోతే ఫోన్ చడీచప్పుడు లేకుండా దాని మీదికి మారిపోయి పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తుంది. వైఫై వివరాల్లో "గేట్‌వే" లేదా "రౌటర్" అన్న పేరు ఎదురుగా 192.168.1.1 వంటి అంకెలు ఉంటాయి. వాటిని బ్రౌజర్‌లో కొడితే రౌటర్ లాగిన్ పేజీ రావాలి. వచ్చిందంటే రేడియో అంచె, ఇంటి చిరునామా రెండూ సవ్యంగా ఉన్నట్టే. తర్వాత 1.1.1.1 అని కొట్టి చూడవచ్చు. ఇది క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ నడిపే సర్వర్ చిరునామా. పేరు కాక నేరుగా అంకెలే కనుక దీనికి డీఎన్‌ఎస్ అవసరం ఉండదు. ఇది తెరుచుకుని, పేర్లతో కొట్టిన వెబ్‌సైట్లేవీ తెరుచుకోకపోతే లోపం డీఎన్‌ఎస్‌లో ఉన్నట్టు. రౌటర్ పేజీ వచ్చి, బయటివి ఏవీ రాకపోతే లోపం ఇంటి బయట ఉన్నట్టు. రౌటర్ పేజీ కూడా రాకపోతే మొదటి రెండు అంచెల్లోనే వెతకాలి.

గాలిలో జరిగేది: డెసిబెల్ లెక్కలు, ఇంటి గోడలు

మన ఇళ్ళలోని రౌటర్లు ఎక్కువగా రెండు రేడియో బ్యాండ్లలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ దూరం పోతుంది, గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, కానీ ఇరుకైనది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ విశాలమైనది, వేగవంతమైనది, కానీ దాని సిగ్నల్ గోడ దగ్గర త్వరగా నీరసిస్తుంది. అడ్డంకి లేని చోట కూడా అంతే దూరానికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సుమారు 7 డెసిబెల్ (సిగ్నల్ బలంలో తేడాను చెప్పే కొలత) ఎక్కువ నష్టపోతుంది. మన దేశంలో ఈ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకునేలా కేంద్రం 2018లో విడుదల చేసింది.

సిగ్నల్ బలాన్ని డీబీఎమ్ అనే కొలతలో, మైనస్ అంకెల్లో చెబుతారు. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50 చాలా మంచి సిగ్నల్. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 80 దగ్గర సంబంధం నిలవడమే కష్టం. ప్రతి 10 తేడాకు శక్తి పది రెట్లు మారుతుందన్నది ఈ కొలతలో గుర్తుంచుకోవాల్సిన విషయం. ఒక లెక్క చూద్దాం. హాల్లో రౌటర్ పక్కన ఫోన్ మైనస్ 45 చూపిస్తోంది, వెనుక పడగ్గదిలో మైనస్ 78 చూపిస్తోంది అనుకుందాం. తేడా 33. అంటే పడగ్గదికి చేరుతున్న శక్తి హాల్లో ఉన్నదానిలో దాదాపు 2,000వ వంతు. తెర మీద నాలుగు గీతల్లో రెండు తగ్గినట్టే కనిపించే తేడా లోపల ఇంత పెద్దది.

దీనికి ఇంకో మలుపు ఉంది. సంభాషణ రెండు వైపులా నడవాలి, కానీ ఇద్దరి గొంతులూ సమానం కావు. బ్యాటరీ మీద బతికే ఫోన్, కరెంటు మీద నడిచే రౌటర్ కన్నా సాధారణంగా తక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. రౌటర్ 23 డీబీఎమ్‌తో, ఫోన్ 15 డీబీఎమ్‌తో పంపుతున్నాయనుకుంటే, పడగ్గదిలో ఫోన్ రౌటర్‌ను మైనస్ 78 వద్ద వింటుంటే, రౌటర్ ఫోన్‌ను సుమారు మైనస్ 86 వద్ద వింటుంది. ఫోన్ తెర మీద గీతలు కనిపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే అవి ఫోన్ వింటున్న బలాన్ని చూపేవి. ఫోన్ చెప్పేది రౌటర్‌కు అందక కనెక్షన్ తెగిపోతుంది. "సిగ్నల్ ఉంది కానీ నెట్ పోతోంది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే వివరణ. ఎక్కువ యాంటెన్నాలు, ఎక్కువ శక్తి ఉన్న రౌటర్ కొన్నా ఆశించిన మార్పు రాకపోవడానికి కూడా ఒక కారణం ఇదే: రౌటర్ శక్తి పెరిగినంత మాత్రాన ఫోన్ శక్తి పెరగదు.

ఆంధ్ర, తెలంగాణల్లో ఫైబర్ కనెక్షన్ ఇచ్చే తీరు ఈ ఇబ్బందిని పెంచుతోందని నా అభిప్రాయం. తీగ ఇంట్లోకి ఎక్కడ ప్రవేశిస్తే అక్కడే, అంటే వీధి గుమ్మం పైనో, టీవీ వెనకాలో, మెట్ల కింద మూలనో పెట్టె బిగించి వెళ్ళిపోతారు. అక్కడి నుంచి పడగ్గదికి చేరేలోగా సిగ్నల్ తొమ్మిది అంగుళాల ఇటుక గోడనో, ఇనుప ఊచల కాంక్రీటు స్లాబునో, ఇనుప బీరువానో దాటాలి. ఇనుము రేడియో తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్ళు పీల్చుకుంటాయి; అందుకే బీరువా వెనక గది, నీళ్ళ ట్యాంకు కింది గది సాధారణంగా బలహీనమైన చోట్లు. పెట్టెను ఇంటి మధ్యకు, తల ఎత్తుకు జరిపితే వచ్చే తేడా ఎన్నో సెట్టింగులు మార్చినా రాదు.

పక్కింటి రౌటర్, మైక్రోవేవ్, రాడార్

అపార్ట్‌మెంట్లలో బలం కన్నా రద్దీ పెద్ద సమస్య. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 13 ఛానళ్ళు ఉన్నట్టు కనిపిస్తాయి. అయితే ఒక్కో ఛానల్ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. వైఫై సిగ్నల్ వెడల్పు కనీసం 20 మెగాహెర్ట్జ్. కనుక ఒకదానిమీద ఒకటి పడకుండా కుదిరేవి 1, 6, 11 అనే మూడే. ఒక అంతస్తులో ఆరు ఫ్లాట్లు, పైనా కిందా మరో పన్నెండు ఉన్నచోట ఈ మూడు ఛానళ్ళనే అందరూ పంచుకోవాలి. బ్లూటూత్ కూడా ఇదే బ్యాండ్‌ను వాడుతుంది, మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తుంది. వంటగది పక్క గదిలో అన్నం వేడి చేసే వేళకే కాల్ తెగుతోందంటే అది కాకతాళీయం కాకపోవచ్చు.

5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రద్దీ తక్కువ. కానీ అందులో మధ్య భాగాన్ని వాతావరణ, సైనిక రాడార్లతో పంచుకోవాలి. అంతర్జాతీయంగా పాటించే పద్ధతి ప్రకారం, ఆ ఛానళ్ళలో పనిచేసే రౌటర్ రాడార్ జాడ కనిపెడితే వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేయాలి. అలాంటి మరో ఛానల్‌కు వెళ్ళేముందు కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి. విమానాశ్రయం, ఓడరేవు పరిసరాల్లో ఉండేవారికి 5 గిగాహెర్ట్జ్ పేరు ఉన్నట్టుండి ఒక నిమిషం మాయమై తిరిగి కనబడితే దీన్ని కూడా పరిగణించాలి. 36 నుంచి 48 దాకా ఉన్న ఛానళ్ళకు ఈ నిబంధన వర్తించదు కనుక రౌటర్‌ను అక్కడ స్థిరపరిస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక్కడే ఒక చిన్న విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఫోన్లు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. అమెరికాలో 2.4 గిగాహెర్ట్జ్‌లో సాధారణంగా 11 ఛానళ్ళే వాడతారు. అక్కడి మార్కెట్‌కు తయారైన కొన్ని ఫోన్లకు 12, 13 ఛానళ్ళు కనిపించకపోవచ్చు. రౌటర్ ఆటోమేటిక్‌గా ఛానల్ ఎంచుకునే సెట్టింగ్‌లో ఉండి ఏదో ఒక రాత్రి 13కు మారితే, అందరికీ వైఫై ఉంటుంది, ఆ ఒక్క ఫోన్‌లో పేరు కూడా కనిపించదు. రౌటర్ ఆపి మళ్ళీ వేస్తే వేరే ఛానల్‌కు వచ్చి బాగైనట్టు కనిపిస్తుంది, వారం తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది.

రెండు బ్యాండ్లకు ఒకే పేరు ఉండాలా, వేర్వేరు పేర్లు ఉండాలా

ఈ ప్రశ్న మీద సాంకేతిక నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఒకే పేరు ఉంటే ఫోన్ తాను ఉన్న చోటును బట్టి దగ్గర్లో 5కు, దూరంలో 2.4కు మారుతుంది, మనిషి పట్టించుకోవాల్సిన పని ఉండదు. కొత్త ఫోన్లూ కొత్త రౌటర్లూ ఈ మార్పిడిని చక్కగానే చేస్తాయి కనుక చాలా కంపెనీలు ఈ పద్ధతినే ముందుగా అమర్చి ఇస్తున్నాయి. రెండో వైపువారు చెప్పేది కూడా నిజమే. ఎప్పుడు మారాలన్న నిర్ణయం చివరికి ఫోన్‌దే, ఒక్కో ఫోన్ ఒక్కోలా నిర్ణయించుకుంటుంది. ఐఫోన్ సిగ్నల్ మైనస్ 70 డీబీఎమ్ కన్నా బలహీనపడినప్పుడు వేరే యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ప్రసారం చేసే పరికరం) కోసం వెతకడం మొదలుపెడుతుందని ఆపిల్ తన సాంకేతిక పత్రాల్లో చెప్పింది. కొన్ని ఫోన్లు బలహీనమైన సిగ్నల్‌నే చివరిదాకా పట్టుకుని వేలాడతాయి. సరిహద్దు గదిలో, అంటే రెండు సిగ్నళ్ళూ ఇంచుమించు సమానంగా అందే చోట కూర్చున్నవారి ఫోన్ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది, ప్రతి మార్పుకూ కాల్ ఒక క్షణం ఆగుతుంది.

తెగడం ఒకే గదిలో జరుగుతుంటే తాత్కాలికంగా పేర్లు విడదీసి, ఆ గదిలో ఫోన్‌ను ఒక్క 2.4 మీదే ఉంచి చూడటం మంచి పరీక్ష. తెగడం ఆగిందంటే కారణం మార్పిడి అని తేలుతుంది. పరీక్ష అయ్యాక పేర్లు అలాగే ఉంచుకోవాలా, కలిపేయాలా అన్నది వేగం ముఖ్యమా నిలకడ ముఖ్యమా అన్నదాన్ని బట్టి ఎవరికి వారు తేల్చుకోవచ్చు. రౌటర్ సిగ్నల్ అందుకుని తిరిగి ప్రసారం చేసే చవక రిపీటర్ పెట్టుకున్న ఇళ్ళలో ఈ తగవు ఇంకా ఎక్కువ. ఒకే రేడియోతో వినడం, తిరిగి చెప్పడం రెండూ చేసే రిపీటర్ దగ్గర వేగం సుమారు సగానికి పడిపోతుంది. దాన్ని సిగ్నల్ బాగున్న చోట కాకుండా ఇప్పటికే బలహీనపడిన చోట పెడితే, ఫోన్‌కు నిండుగా గీతలు కనిపిస్తాయి, వెనక రౌటర్‌తో బంధం మాత్రం తెగుతూ ఉంటుంది. ఒక లాన్ తీగ లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడానికి గోడకు రంధ్రం వేయాలి. అయినా దాని నిలకడకు రిపీటర్ సాటిరాదు.

ఇంటి లోపలి చిరునామా దొరకనప్పుడు

రేడియో సంబంధం కుదిరాక ఫోన్ రౌటర్‌ను ఒక ఐపీ అడ్రస్ అడుగుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని డీహెచ్‌సీపీ అంటారు. రౌటర్ ఇచ్చేది శాశ్వత చిరునామా కాదు, గడువున్న అద్దె చిరునామా. ఇంటి రౌటర్లలో గడువు తరచూ 24 గంటలు ఉంటుంది. సగం గడువు దాటగానే ఫోన్ పొడిగింపు అడుగుతుంది.

అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ఒక హాస్టల్‌ను ఊహించుకుందాం. రౌటర్‌లో పంచడానికి 192.168.1.100 నుంచి 192.168.1.199 దాకా 100 చిరునామాలు ఉన్నాయి. హాస్టల్‌లో 45 మంది, ఒక్కొక్కరికి ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్. అంటే 90 చిరునామాలు నిండాయి. టీవీ, కెమెరాలు కలిపి మరో ఆరు. సాయంత్రం వచ్చిన పదిమంది స్నేహితుల ఫోన్లలో నాలుగింటికి దొరికి, ఆరింటికి దొరకదు. ఆ స్నేహితులు రాత్రికి వెళ్ళిపోయినా వారి చిరునామాల గడువు మర్నాడు సాయంత్రం దాకా ఉంటుంది. ఆలోగా ఊరి నుంచి తిరిగొచ్చిన విద్యార్థి ఫోన్ "ఐపీ అడ్రస్ పొందుతోంది" దగ్గరే తిరుగుతుంది, లేదా ఐఫోన్ అయితే 169.254తో మొదలయ్యే చిరునామాను తనకు తానే పెట్టుకుని ఇంటర్నెట్ లేకుండా కూర్చుంటుంది. ఇక్కడ ఫోన్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఉపయోగం ఉండదు. రౌటర్‌లో చిరునామాల పరిధి పెంచడం, గడువును రెండు మూడు గంటలకు తగ్గించడం దీనికి పరిష్కారం.

దీనికి తోడు మ్యాక్ అడ్రస్ సంగతి ఉంది. ఇది ఫోన్ వైఫై చిప్‌కు ఫ్యాక్టరీలోనే ఇచ్చే గుర్తింపు. దుకాణాలు, విమానాశ్రయాలు దీని ఆధారంగా మనిషి కదలికలను గమనించే అవకాశం ఉండటంతో, ఆండ్రాయిడ్ 10 నుంచి (2019), ఐఓఎస్ 14 నుంచి (2020) ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ చూపడం మొదలుపెట్టాయి. గోప్యతకు ఇది నిజమైన మేలు, బహిరంగ వైఫైలో దీన్ని ఆపడం సరికాదు. కానీ కళాశాల, కార్యాలయం, హాస్టల్ వంటి చోట్ల నిర్వాహకులు మ్యాక్ అడ్రస్ నమోదు చేసుకుని అనుమతిస్తే, ఆ కల్పిత చిరునామా మారినప్పుడల్లా ఫోన్ అపరిచితమవుతుంది. నెట్‌వర్క్‌ను తొలగించి మళ్ళీ చేరినప్పుడు కొన్ని సందర్భాల్లో కొత్త చిరునామా పుడుతుంది. ఐఓఎస్ 18లో కొంతకాలానికోసారి తానుగా మారే ఎంపిక కూడా ఉంది. నమ్మకమున్న ఆ ఒక్క నెట్‌వర్క్‌కు మాత్రం స్థిరమైన చిరునామా పెట్టుకునే వీలు రెండు రకాల ఫోన్లలోనూ ఉంది, కనుక గోప్యత, నిలకడల మధ్య ఏదో ఒకటే ఎంచుకోవాలన్న వాదన నిలవదు.

డీఎన్‌ఎస్ వైపు తరచూ దొరికే దోషి ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్. ప్రకటనలు ఆపుతుందని ఎవరో చెప్పగా అందులో ఒక సర్వర్ పేరు రాసుకుని మరిచిపోతారు. ఆ సర్వర్ అందని రోజున ఫోన్ ప్రైవేట్ డీఎన్‌ఎస్ సర్వర్ దొరకడం లేదని చెబుతుంది, ఏ పేజీ తెరుచుకోదు. రైల్వే స్టేషన్ల వైఫైలో ఓటీపీ అడిగే లాగిన్ పేజీ రాకపోవడానికి కూడా ఇది కారణం కావచ్చు. అదే వరుసలో, ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టిన, డేటాను వేరే సర్వర్ మీదుగా మళ్ళించే వీపీఎన్‌ను కూడా చూసుకోవాలి.

ఫోన్ తానే వైఫైని వదిలేస్తే

కొన్నిసార్లు ఏదీ తెగదు. వైఫై నెమ్మదించిందని గమనించి ఫోన్ తానే మొబైల్ డేటాకు మారుతుంది. ఐఫోన్‌లో దీన్ని వైఫై అసిస్ట్ అంటారు, 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది. ఆండ్రాయిడ్ కంపెనీలు వేర్వేరు పేర్లతో ఇలాంటివే ఇస్తున్నాయి. కాల్ మధ్యలో ఆగకుండా చూడటం దీని ఉద్దేశం, రోజుకు కొద్ది జీబీల డేటా ప్యాక్ ఉన్నవారికి మాత్రం అది ఖర్చు. దీన్ని ఆపి చూస్తే అసలు లోపం ఏమిటో బయటపడుతుంది: మారడం ఆగి నెమ్మదితనం మిగిలితే, ఫోన్ ఇన్నాళ్ళూ కప్పిపుచ్చిన బలహీనత రౌటర్ వైపు ఉన్నట్టు.

బ్యాటరీ పొదుపు దీనికి సోదరుడు. రౌటర్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకొకసారి తన ఉనికిని ప్రకటిస్తుంది. తెర ఆరిపోయిన ఫోన్ వైఫై చిప్‌ను నిద్రపుచ్చి, ఆ ప్రకటనల వేళకు మేల్కొని తనకేమైనా సందేశాలున్నాయా అని విని మళ్ళీ నిద్రపోతుంది. ఈ సమయాల విషయంలో ఫోన్, రౌటర్ సాఫ్ట్‌వేర్ల మధ్య పొత్తు కుదరకపోతే, ఫోన్ జేబులో ఉన్నంతసేపూ తెగి, చేతిలోకి తీసుకోగానే కలిసినట్టు ఉంటుంది. అయితే తెర ఆరినప్పుడు వాట్సాప్ సందేశాలు ఆలస్యంగా రావడాన్ని కూడా ఇదే ఖాతాలో వేయకూడదు. అది చాలావరకు ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్ ఏర్పాటు, దానిపైన కంపెనీలు తగిలించిన బ్యాటరీ ఆంక్షలు వెనకాల నడిచే యాప్‌లను ఆపడం వల్ల జరుగుతుంది. వైఫైకి అందులో పాత్ర లేదు.

పాత ఫోన్, కొత్త రౌటర్ కలిసిన ఇంట్లో భద్రతా పద్ధతిని కూడా చూడాలి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3, దాని ముందు తరమైన డబ్ల్యూపీఏ2 రెండూ కలిపి ఇచ్చే మిశ్రమ పద్ధతి దగ్గర కొన్ని పాత ఫోన్లు తడబడి, పాస్‌వర్డ్ సరైనదైనా తిరస్కరణ పొందుతాయి. అతిథుల కోసం ఉద్దేశించిన రెండో పేరును డబ్ల్యూపీఏ2తో పెట్టి, ఆ ఫోన్‌ను మాత్రం అందులో ఉంచితే మిగతా ఇంటి భద్రత తగ్గదు.

అందరికీ ఒకేసారి పోతే

ఇంట్లోని అన్ని పరికరాలూ ఒకే క్షణంలో ఆగితే ఫోన్ సెట్టింగుల జోలికి పోవాల్సిన అవసరమే లేదు. ఫైబర్ పెట్టె మీది దీపాలు కథంతా చెబుతాయి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే కాంతి సంకేతం అందడం లేదు: తీగ విరిగింది, లేదా కనెక్టర్ దగ్గర మలుపు బిగుసుకుంది. పాన్ (PON) అని రాసి ఉన్న దీపం మిణుకుతుంటే పెట్టె ఇంకా ఆపరేటర్ పరికరంతో నమోదు కాలేదు. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి వరుసగా వెలుగుతుంటే పెట్టె తానే రీస్టార్ట్ అయింది, అంటే అనుమానం కరెంటు మీద. ఇళ్ళలో ఎక్కువమంది పట్టించుకోని భాగం అడాప్టర్. 12 వోల్టుల అడాప్టర్ వేడికి ఏళ్ళ తరబడి నలిగి, లోడ్ పెరిగినప్పుడు వోల్టేజీ నిలపలేకపోతే, సరిగ్గా సాయంత్రం అందరూ వీడియోలు చూసే వేళకే పెట్టె రీస్టార్ట్ అవుతుంది. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లకు సరిపోయే మరొకటి పెట్టి చూస్తే తేలిపోతుంది.

రౌటర్ ఆపి మళ్ళీ వేయడం ఇంతమందికి ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు సులువుగా చెప్పవచ్చు. ఆ ఒక్క పనితో రౌటర్ ఛానల్‌ను మళ్ళీ ఎంచుకుంటుంది, చాలా రౌటర్లలో చిరునామాల పట్టిక కొత్తగా మొదలవుతుంది, కంపెనీతో కొత్త సెషన్ తెరుచుకుంటుంది, ఇరుక్కుపోయిన సాఫ్ట్‌వేర్ శుభ్రపడుతుంది. నాలుగు వేర్వేరు లోపాలు ఒకేసారి తాత్కాలికంగా మాయమవుతాయి కనుక వాటిలో ఏది ఉందో తెలియకుండా పోతుంది. వారానికి రెండుసార్లు ఆపి మళ్ళీ వేయాల్సి వస్తుంటే, ఈసారి ఆపేముందు పై పరీక్షలు చేసి చూడటం మేలు. లోపం బయటిదని తేలితే కంపెనీకి చేసే ఫిర్యాదులో తెగిన తేదీలు, వేళలు, ఆ సమయంలో ఏ దీపం ఎలా ఉందో రాసి డాకెట్ నంబరు తీసుకోవాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేకపోతే ట్రాయ్ నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్ళే హక్కు వినియోగదారుకు ఉంది.

రీసెట్‌లలో రకాలు, హార్డ్‌వేర్ లోపం ఆనవాళ్ళు

రీసెట్ అన్న మాటలో మూడు వేర్వేరు పనులున్నాయి. ఒక్క నెట్‌వర్క్‌ను తొలగించి మళ్ళీ చేరడం వల్ల ఆ నెట్‌వర్క్ పాస్‌వర్డ్, దానికి పెట్టిన ప్రత్యేక సెట్టింగులు మాత్రమే పోతాయి. ఎప్పుడో పెట్టి మరిచిన స్థిర ఐపీ అడ్రస్ వంటివాటికి ఇది చాలు. నెట్‌వర్క్ సెట్టింగుల రీసెట్ సేవ్ చేసిన అన్ని వైఫై పాస్‌వర్డ్‌లను చెరిపేస్తుంది, ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జతలు కూడా పోతాయి. ఫొటోలు, సందేశాలకు ముప్పు ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్ మొత్తం ఖాళీ చేస్తుంది. సిస్టమ్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి తెగడం మొదలైతే రెండోది న్యాయంగానే ఫలిస్తుంది. మూడోదాన్ని సర్వీసు కేంద్రాలు ముందుగా అడగడంలోనూ అర్థం ఉంది: సాఫ్ట్‌వేర్ కారణాలన్నీ తొలగితేనే వారు హార్డ్‌వేర్‌ను ధైర్యంగా విప్పగలరు. కానీ హాట్‌స్పాట్ పరీక్షలో నిలకడగా ఉన్న ఫోన్‌కు ఫ్యాక్టరీ రీసెట్ చేయించడం అనవసరంగా డేటా పోగొట్టుకోవడమేనని నేను భావిస్తాను.

హార్డ్‌వేర్ లోపానికి తనదైన ముద్ర ఉంటుంది. రౌటర్ పక్కనే పెట్టినా ఈ ఫోన్ మైనస్ 70 చూపుతుంటే, అదే చోట మరో ఫోన్ మైనస్ 45 చూపుతుంటే, యాంటెన్నాకు వెళ్ళే సన్న తీగో, స్ప్రింగు కాంటాక్టో వదులైందని అనుమానించాలి. తెర లేదా వెనక అద్దం మార్పించిన తర్వాత మొదలైన లోపాల్లో ఇది సాధారణం. వెనక లోహపు కవరు గానీ, కారు స్టాండు కోసం అంటించిన ఇనుప పలక గానీ ఉంటే ముందు అది తీసి చూడాలి. వైఫై బటన్ బూడిద రంగులోకి మారి నొక్కినా ఆన్ కాకపోతే, ఫోన్ వేడెక్కినప్పుడు పోయి చల్లారాక తిరిగొస్తుంటే, చిప్‌కూ బోర్డుకూ మధ్య టంకం చిట్లి ఉండవచ్చు. కింద పడిన ఫోన్లలోనూ, తడిసిన ఫోన్లలోనూ ఇది కనబడుతుంది. యాంటెన్నా తీగ మార్చడం చిన్న మరమ్మతు. చిప్ పని అలా కాదు. బోర్డును వేడి చేసి చేసే ఆ పనిలో ఫోన్ పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది కనుక, వైఫై అసలు ఆన్ కాకపోయినా మొబైల్ డేటాతోనో కేబుల్‌తోనో ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ తీసుకున్న తర్వాతే ఫోన్‌ను మరమ్మతుకు ఇవ్వాలి.